నా నొప్పికి ఆమె పథ్యం

ఆటోనగర్‌లో ఎవరికి కాలినొప్పి వచ్చినా ముందు నా షెడ్డుకు వస్తారు. "నాంచారయ్య గారూ, మీకు సూదులతో తగ్గిందంట గదా, నిజంగా పనిచేస్తాయా అండీ?" అని అడుగుతారు. పనిచేస్తాయి అంటాను. భవానీపురం ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏం తినకూడదో చెబుతాను. వాళ్ళు తృప్తిగా వెళ్ళిపోతారు.

ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నది సగమే. ఆ సగంలో అబద్ధం లేదు. మిగతా సగం దాచడం వల్ల అది అబద్ధం కన్నా హీనమైంది. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. కాళ్ళ నొప్పులున్నవాళ్ళు చదవండి. చదివాక, మీ ఇంట్లో ఏ నొప్పీ లేదంటూ తిరుగుతున్న మనిషి కాళ్ళ వైపు ఒకసారి చూడండి.

1997, ఎండాకాలం

నాది లారీల కమాన్ కట్టల పని. బరువుకు చదునైపోయిన ఇనప పట్టీలను విప్పి, కాల్చి, కొట్టి, మళ్ళీ వంపు తెచ్చి లారీకి బిగించాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని. ఇరవై ఏళ్ళు ఆ పని చేసిన కాళ్ళకు నొప్పి అంటే ఏమిటో తెలియదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు తెల్లవారుతుండగా కుడి చీలమండలో ఎవరో ఎర్రగా కాలిన పట్టీ దూర్చినట్టయి లేచాను. చీలమండ ఉబ్బి వంకాయలా నిగనిగలాడుతోంది. బొటనవేలి మొదలు ఎర్రబడింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. నా భార్య తిరుపతమ్మ, ఏమైందో చూద్దామని కాలి దగ్గర వంగింది. ఆమె చెయ్యి ఇంకా తగలనే లేదు. తగులుతుందన్న భయంతోనే ఎడమకాలితో ఆమెను తన్నాను.

కావాలని తన్నలేదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ నొప్పి లేని కాలిని చూసుకునే తన్నాను కదా. అందుకని ఆ మాట పూర్తిగా నమ్మను.

ఆమె గోడకు తగిలి పడి, లేచి, చీర సర్దుకుంది. "ఎడం కాలు బానే ఉంది గదా మావా. ఇంక భయం లేదు" అంది. అదీ ఆమె తీరు.

పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూసి, యూరిక్ యాసిడ్ ఎక్కువైందన్నారు. మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే కడుపులో మంట వచ్చేది. మళ్ళీ వెళ్ళి ఆ మాట చెబితే వేరే మాత్రలిచ్చేవారేమో. చెప్పలేదు. మానేశాను. నొప్పి రావడం, పది రోజులు మంచాన పడేయడం, పోవడం, నెల తిరిగేసరికి మళ్ళీ రావడం. ఆ పది రోజులూ తిరుపతమ్మ నన్ను భుజం మీద మోసినంత పని చేసి పెరటి దాకా నడిపించేది. జానెడు ఎత్తున్న గడప కొండలా కనబడేది. ఆ కొండ దిగలేనప్పుడల్లా ఆమెను తిట్టేవాణ్ణి.

1998

భవానీపురం డాక్టరమ్మ గురించి ఒక లారీ డ్రైవరు చెప్పాడు. చైనా సూదులట, నడుము పట్టేసినవాళ్ళను లేపి నడిపిస్తుందట. నాకు నమ్మకం లేదు. తిరుపతమ్మే తీసుకెళ్ళింది. పటమటలో మా ఇంటి దగ్గర బస్సెక్కి, ఊరంతా దాటి, ఊరి ఆ చివర దిగాలి. వారానికి రెండు రోజులు. కొన్నాళ్ళకు ఆ బస్సు కండక్టరుకు మేము అలవాటైపోయాం. నేను రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎక్కేదాకా ఆయన విజిల్ వేసేవాడు కాదు. "ఉండండుండండి, కాలింకా ఎక్కలేదు" అని అరిచేవాడు. జనం నవ్వేవాళ్ళు. ఎవరో ఒకరు లేచి చోటిచ్చేవాళ్ళు. నాకు జరిగిన మంచి లెక్కపెట్టుకుంటే ఆ మనిషి విజిల్ ఆపిన క్షణాలు కూడా అందులో ఉంటాయి.

డాక్టర్ కరుణ గారిని అందరూ డాక్టరమ్మ అనే పిలిచేవారు. యాభై దాటిన మనిషి. మేడ మీద రెండు గదులు. ఒక గదిలో పొడుగు బల్ల, దాని ముందు ఒక పొట్టి బల్ల. సూదులు గుచ్చాక ఆ పొట్టి బల్ల మీద కాళ్ళు చాపుకుని అరగంట కూర్చోవాలి. ఎదురుగా ఇంకో పొడుగు బల్ల మీద మా వెంట వచ్చినవాళ్ళు. మనిషి మొహం కన్నా ముందు కాళ్ళు కనబడే గది అది. పగిలిన మడమలు, పుచ్చిన గోళ్ళు, ఉబ్బిన చీలమండలు. సూదులతో మేము కదలకుండా కూర్చుంటే మాకు సేవ చేసేవాళ్ళ కాళ్ళు మాత్రం బల్ల కింద, నీడలో ఉండేవి. అప్పుడది నాకు తోచలేదు.

మొదటిరోజు డాక్టరమ్మ నా కాలిని వేళ్ళతో తాకకుండానే చుట్టూ చూసి, "ఏ ఊరు మీది?" అని అడిగింది.

"బందరు దగ్గరండీ. సముద్రం పక్కన. మా ఆవిడది కొల్లేరు."

"అయితే రోగం ఎక్కడుందో తెలిసింది" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది. "సూదులు నేను గుచ్చుతాను. నోరు మీరు కట్టుకోవాలి. రెండిట్లో ఏది లేకపోయినా రెండోది దండగ."

ఏమేం మానాలో చెబుతుంటే, చదువు రాని తిరుపతమ్మ ఒక్కొక్కదానికి ఒక్కొక్క వేలు ముడుచుకుంది.

"చేపలు, మాంసం, కార్జం. బీరు గట్రా ఉంటే అవీ."

"రొయ్యలు కూడానా అమ్మా?"

"రొయ్యలు ముందు."

"ఎండువి?"

"అవి ఇంకా ముందు."

"సొరకాయ పులుసులో రెండంటే రెండు, వాసనకి..."

"ఆ రెండూ తిన్నగా ఆయన కాల్లోకే వెళ్తాయి తల్లీ."

గదిలో అందరూ నవ్వారు. మా ఇళ్ళల్లో చేప లేని పూటంటే జ్వరం వచ్చిన పూట. ఎండు రొయ్యలు పడని కూరను కూరల్లో లెక్కవేయం. పప్పు తగ్గించమంది, నీళ్ళు బాగా తాగమంది, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, మజ్జిగ తినమంది. లేచి వస్తుంటే తిరుపతమ్మతో, "పథ్యం ఆయనకమ్మా, మీక్కాదు. మీరు మామూలుగా తినండి" అని కూడా అంది.

"బావుందండీ. ఆయన నోరు కట్టుకుంటే ఎదురుగా నేను ముల్లు ఏరుకుంటా కూచోనా?" అంది తిరుపతమ్మ. అదీ నవ్వులాటగానే అంది.

సూదులు పనిచేశాయి. మూడో వారానికి చీలమండ వంగింది. రెండో నెలకు కర్ర లేకుండా బస్సెక్కాను. కండక్టరు విజిల్ వేస్తూ, "కాలొచ్చేసిందండోయ్" అన్నాడు. మూడు నెలలు నేను నిజంగా నోరు కట్టుకున్నాను. నా జీవితంలో ఆ మూడు నెలలు ఒక్కటే నేను తలెత్తి చెప్పగలిగిన పథ్యం.

నొప్పి పోయాక భయం పోయింది. భయం పోయాక నాలుక లేచింది. షెడ్డుకు నాలుగు అడుగుల దూరంలో ఒక మెస్సు ఉండేది. మధ్యాహ్నం కాగానే చేపల వేపుడు వాసన వచ్చి నా సుత్తి చేతిని పట్టుకునేది. వానాకాలం మొదలైన రోజుల్లో ఒక్క ముక్క తిన్నాను. ఏమీ కాలేదు. మర్నాడు రెండు. నెల తిరిగేసరికి రోజూ పీట వేసుకుని కూర్చోవడం, శనివారం సాయంత్రం బీరు.

చిక్కు ఒకటుంది. తిరుపతమ్మ రోజూ పన్నెండు దాటాక పటమట నుంచి నడిచి క్యారేజీ తెచ్చేది. పథ్యం కూడు వేడిగా తినాలని ఆమె పట్టుదల. క్యారేజీ అందుకుని, "పనుంది, తర్వాత తింటా, నువ్వెళ్ళు" అనేవాణ్ణి. ఆమె మలుపు తిరగగానే గిన్నెలు షెడ్డు వెనక కుక్కల ముందు బోర్లించి, మెస్సుకు పోయేవాణ్ణి. ఇంటికి వచ్చాక కడుపులో చోటుండేది కాదు. "ఆకలిగా లేదే" అనేవాణ్ణి. అన్నం పారేయడం ఆమెకు చేతకాని పని. తన వంతు తిన్నాక నా వంతు కూడా మజ్జిగ పోసుకుని తినేది. ఆ మజ్జిగలోకి బెల్లం ముక్క.

మా అమ్మాయి ఝాన్సీ అప్పుడు గుడివాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మేమిద్దరమే. ఒకటే పొయ్యి, ఒకటే కూర. అంటే నేను ఒక్క ముద్ద కూడా సరిగ్గా తినని పథ్యాన్ని తిరుపతమ్మ పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం తింటోంది. తన వంతూ, నా వంతూ.

ఒకసారి ఆమె తమ్ముడు సాంబయ్య కైకలూరు నుంచి తడి గోతంలో బతికున్న కొరమీనులు తెచ్చాడు.

"వెనక్కి తీసుకుపో రా" అంది ఆమె.

"బావ తినకపోతే మానె. నువ్వు తినవే అక్కా. నీకోసం తెచ్చా."

"వాసనొస్తే ఆయన నాలిక ఆగదు."

"కొల్లేరు పిల్లవి చేప తిరగ్గొడతావా? ఊళ్ళో చెప్తే నమ్మరే!"

"చెప్పబాక మరి" అంది. గోతం మూతి విప్పి, చేపల్ని ఒకసారి చూసి, మళ్ళీ కట్టేసింది.

నేను వసారాలో కూర్చుని ఉన్నాను. ఆ మధ్యాహ్నం మెస్సులో తిన్నదీ కొరమీనే. తేన్పు వస్తుంటే మింగుకుని, "పోనీలే, నువ్వన్నా వండుకోవాల్సింది" అన్నాను. నా గొంతులో పెద్దమనిషితనం ఎలా పలికిందో ఇప్పటికీ వినిపిస్తుంది.

1999

సంక్రాంతి వెళ్ళాక నొప్పి తిరిగి వచ్చింది. ఈసారి రెండు చీలమండలూ. ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. అయినా బల్ల మీద కూర్చుని సూదులను తిట్టాను. ఇంటికొచ్చి తిరుపతమ్మను తిట్టాను. "కూరలో చింతపండు వేశావు గదూ? వంకాయ వాతం అని తెలీదా?" అన్నాను. మర్నాటి నుంచి ఆమె చింతపండు మానేసింది, వంకాయ మానేసింది, గోంగూర మానేసింది, ఉన్న కాస్త పప్పూ మానేసింది, చలవ చేస్తాయని సొర, బీర, పొట్లకాయలూ మజ్జిగా కూడా మానేసింది. నాకు నడక వచ్చిన రోజుల్లో మళ్ళీ క్యారేజీ, మళ్ళీ కుక్కలు, మళ్ళీ మెస్సు. ఇంట్లో మిగిలింది అన్నం, గంజి, బంగాళాదుంప, బెల్లం.

ఆ వానాకాలంలో ఒకరోజు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వారం క్రితం ఆమె నాకు రక్త పరీక్ష చేయించింది. మెట్లెక్కి గుమ్మంలో చెప్పులు విడవబోతే తిరుపతమ్మ కాలికి ఒకటే చెప్పుంది.

"రెండోదేదీ?" అన్నాను.

ఆమె తన కాలి వంక అదెవరి కాలో అన్నట్టు చూసింది. "అయ్యో. ఎక్కడో జారిపోయినట్టుంది."

"జారిపోతే తెలియదా? బురదలో ఉత్తకాలితో నడుస్తుంటే తెలియదా?"

"తిమ్మిరిగా ఉంటన్నాయి మావా, తెలవలా" అని నవ్వుతూ, వెతకడానికి మెట్లు దిగింది.

నేను లోపలికి వెళ్ళి ఆ సంగతి అందరికీ చెప్పాను. "మా ఆవిడకి చెప్పు పోయినా తెలీదండీ. ఓ రోజు కాలే ఎక్కడో వదిలేసి వస్తుంది" అన్నాను. సరిగ్గా ఈ మాటలే అన్నాను. మార్చి రాసుకోగలిగితే బావుండునని ఎన్నోసార్లు అనిపించింది. గదంతా నవ్వింది.

డాక్టరమ్మ ఒక్కతే నవ్వలేదు. నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. నా రక్త పరీక్ష కాగితం ఆమె చేతిలో ఉంది.

"మీ ఇంట్లో పథ్యం చేస్తున్నదెవరు నాంచారయ్య గారూ?"

"నేనేనండీ."

"అమ్మగారు చిక్కిపోయారు. మీరు లావయ్యారు."

నేను ఆమె చేతిలోని కాగితం వంక చూశాను.

"మీ సంగతి మీ ఇష్టం. తిన్నవాళ్ళకే తెలుస్తుంది నొప్పి. కానీ ఆవిడకి నొప్పే తెలియట్లేదు, అది మీకు తమాషాగా ఉంది. చెప్పు జారినా తెలియలేదంటే షుగరేమో చూడాలి. రేపు పరగడుపున తీసుకెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి." ఒక చిన్న చీటీ రాసి నా చేతిలో పెట్టింది. "ఆవిడకి అన్నం తగ్గించండి. బెల్లం ముట్టుకోనివ్వద్దు. నా మాటగా చెప్పండి."

దొంగతనం బయటపడినవాడికి పక్కన చెప్పిన మాటలేవీ వినిపించవు. నాకు వినిపించాయి, అదే నా నేరం. వినిపించి కూడా నా అవమానాన్నే పట్టుకున్నాను. ఆ చీటీ ఇంటికి తీసుకెళితే, డాక్టరమ్మ ఇంకేమంది అని తిరుపతమ్మ అడుగుతుంది. ఈసారి తనే లోపలికొచ్చి మాట్లాడుతుంది. నా మెస్సు సంగతి తెలిసిపోతుంది.

మెట్ల కింద ఆమె ఎదురొచ్చింది. చేతిలో చెప్పు. "దొరికింది మావా! బస్టాపు కాడే ఉంది. ఒంటి చెప్పు ఎవడెత్తుకుపోతాడూ!" మొహం వెలిగిపోతోంది. "డాక్టరమ్మ ఏమంది?"

"ఏముంది? ఇంక సూదులక్కర్లేదంది" అన్నాను.

మర్నాడు ఆ చీటీని షెడ్డులో దేవుడి పటం వెనక దోపాను. చించడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో పెట్టే ధైర్యమూ లేదు. మళ్ళీ భవానీపురం బస్సెక్కలేదు.

2001

అదీ ఎండాకాలమే. ఒక సాయంత్రం ఇంట్లో నాపరాళ్ళ మీద గోధుమరంగు మరకలు చూశాను. వరసగా, అడుగుకొకటి, వంటింట్లోంచి వసారా దాకా. "ఇదేంటే?" అన్నాను. ఆమె కాలు ఎత్తి చూపింది. అరికాలికి స్లిప్పరు అంటుకుని ఉంది. కిందినుంచి ఒక మేకు, ఆటోనగర్ రోడ్ల మీద ఎక్కడబడితే అక్కడ దొరికే తుప్పు మేకు, స్లిప్పరులోంచి కాల్లోకి దిగి ఉంది.

"ఎప్పుడు దిగింది?"

"ఏమో మావా. నిన్న క్యారేజీకి వచ్చినప్పుడేమో. నొప్పేం లేదు."

నేను తినని కూడు మోసుకొస్తూ ఆమె ఆ మేకు తొక్కింది. కటింగ్ ప్లేయరు పెట్టి లాగాను. ఆమె విసనకర్ర విసురుకుంటూ చూస్తూ కూర్చుంది, వేరేవాళ్ళ కాలిని చూసినట్టు. పసుపు పెట్టి గుడ్డ కట్టాను. నొప్పి లేదంటే మంచిదే అనుకున్నాను. చెప్పు జారిన రోజు గుర్తొచ్చింది. ఆ గుర్తును తోసేశాను. ఎనిమిదో రోజు జ్వరంతో వణుకుతుంటే, పాదం నల్లబడితే, అప్పుడు ఆటోలో ఎక్కించాను.

ఆసుపత్రుల్లో కూర్చోవడం నాకు కొత్తకాదు. కానీ అంతకుముందు ఎప్పుడూ రోగిగానే కూర్చున్నాను. వెంట వచ్చినవాడిగా కూర్చోవడం అదే మొదలు. రోగికి నొప్పి తోడుంటుంది. వెంట వచ్చినవాడికి బల్ల తప్ప ఇంకేమీ ఉండదు. తిరుపతమ్మ రెండేళ్ళు ఆ బల్ల మీద కూర్చుంది.

షుగరు చాలా ఎక్కువుందనీ, ఎన్నేళ్ళ నుంచో ఉండి ఉంటుందనీ చెప్పారు. ఏం తింటుందని అడిగారు. అన్నం, గంజి, బంగాళాదుంప, బెల్లం అని చెప్పాను. ఆ డాక్టరు రాస్తున్న కలం ఆపి నా మొహం చూశాడు. తిండి వల్లే వచ్చిందని చెప్పలేమనీ, ఆ తిండి మాత్రం దానికి ఎరువు వేసిందనీ అన్నాడు. ముందు రెండు వేళ్ళు తీశారు. ఆగలేదు. మోకాలి కింద నుంచి తీసేశారు.

ఝాన్సీ అప్పటికి టీచరుగా చేరింది. ఆసుపత్రి వసారాలో నా పక్కన కూర్చుని, "నాన్నా, అమ్మకి షుగరుందేమో చూడండని ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా చెప్పలేదా?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాను.

ఇంతవరకూ రాసిన అబద్ధాలన్నీ తిండి కోసం ఆడినవి. ఇది మాత్రం ఏ ఆకలీ లేకుండా ఆడాను.

ఆ తర్వాత

మెస్సు మానేశాను. ఇందులో గొప్పేం లేదు. ఆ వాసన వస్తే నాకు గుమ్మంలో ఒంటి చెప్పు కనబడేది. వంట నేర్చుకున్నాను. ఆమెకు షుగరు పథ్యం, నాకు వాతం పథ్యం, రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు. ఆమె మంచం మీద కూర్చుని వంట చెప్పేది. "అది పోపు కాదు మావా, నీ కొలిమి. మంట తగ్గించు." కృత్రిమ కాలు పెట్టించాం. రోజూ పొద్దున్నే ఆమె మిగిలిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందులన్నీ చూసి, తుడిచి, కొబ్బరినూనె రాస్తాను. ఏ కాలితో తన్నానో ఆ కాలు మడుచుకుని కూర్చుంటాను.

సిగ్గు చంపుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. "నేనే ఆ రోజు మెట్లు దిగి ఆవిడకి చెప్పాల్సింది" అంది. నా తప్పులో ఆమె వాటా తీసుకోవడం తిట్టుకన్నా ఎక్కువైంది. మళ్ళీ సూదులు మొదలుపెట్టింది. ఆసుపత్రి మాత్రలు కూడా మళ్ళీ వేసుకోమంది. కడుపు మంట సంగతి చెబితే మాత్ర మార్చారు, అంతే. నోరు కట్టుకున్నాను, సూదులు పనిచేశాయి. అప్పట్నుంచి నా చీలమండలు వాయలేదు. అందరికీ చెప్పే సగం ఇదే.

2004, దసరా

ఆయుధ పూజకు షెడ్డంతా కడుగుతాం. ఐదేళ్ళుగా అన్ని పటాలూ దించి తుడిచి, ఆ ఒక్క పటాన్ని మాత్రం గోడకే ఉంచి ముందు వైపు తుడిచేవాణ్ణి. ఆ ఏడు దించాను. చీటీ రంగు మారింది కానీ అక్షరాలు పోలేదు. జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళి, తిరుపతమ్మ ముందు నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ముందు మెస్సు సంగతి, కుక్కల సంగతి.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"చేపలోళ్ళ పిల్లని మావా. నీ చేతులు కడిగినా గోళ్ళలో వాసన నాకు తెలీదా? మొదటి వారమే తెలిసింది. ఆ కుక్కలైతే మలుపు కాణ్ణుంచే క్యారేజీ చూసి తోకూపుకుంటా వచ్చేయి. నేనెప్పుడూ వాటికి ముద్ద పెట్టలా."

"తెలిసీ ఎందుకు తెచ్చావే? తెలిసీ నువ్వెందుకు ఆ కూడు తిన్నావు?"

చెప్పడానికి కాస్త సిగ్గుపడింది. "ఇద్దర్లో ఒకళ్ళన్నా నోరు కట్టుకోవాల గదా. పెళ్ళాం ఉపాసం ఉంటే మొగుడికి మంచిదంటారు. పథ్యం కూడా అంతేనేమో అనుకున్నా. నువ్వు తప్పినా నేను తప్పకపోతే సూదులు పనిచేస్తయ్యని."

నోము పట్టినట్టు పట్టింది నా పథ్యాన్ని. నేను తిన్న ప్రతి ముక్కకూ ఆమె ఇంకాస్త గట్టిగా నోరు కట్టుకుంది.

అప్పుడు చీటీ తీసి చూపించాను. అదేమిటో, ఎప్పటిదో, ఎవరు ఎవరికోసం రాశారో చెప్పాను. చెప్పు వెతకడానికి ఆమె మెట్లు దిగినప్పుడు ఇచ్చిందని చెప్పాను.

ఇది ఆమెకు తెలియదు. చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు కదా. మడిచి దిండు కింద పెట్టుకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో, తన్నిన రోజున కూడా మాట్లాడిన మనిషి. పాదం ఒళ్ళో పెట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

రెండో రోజు ఝాన్సీకి ఫోను చేసి ఆమెకూ చెప్పాను. అంతా విని, "అమ్మకివ్వు" అంది. ఇప్పటికీ నేను ఫోను ఎత్తితే ఆమె అనేది ఆ ఒక్క మాటే. న్యాయమే.

నాలుగో రోజు పొద్దున తిరుపతమ్మ మంచం మీంచి నోరు విప్పింది.

"సాంబయ్యకి కబురు పెట్టు. కొరమీను తెమ్మను. బతికున్నది."

సాంబయ్య తెచ్చాడు. ఆమె చెబుతుంటే నేనే పొలుసు తీశాను, బూడిద వేసి రుద్దాను, పులుసు పెట్టాను. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో లేని వాసన లేచింది. ఆమెకు చేప తినొచ్చని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. నా నాలుక ఆగదని ఇంట్లో వండనివ్వక ఆమే మానుకుంది. కంచంలో కాస్త అన్నం, పెద్ద ముక్కలు మూడు పెట్టి అందించాను. లేచి వెళ్ళబోయాను.

"ఎక్కడికి?" అంది. "ఎదురుగా కూచో."

కూర్చున్నాను.

"నువ్వు తినబాక. చూడు."

ముల్లు ఒక్కొక్కటే ఏరి కంచం అంచున పెడుతూ, తొందర లేకుండా, మూడు ముక్కలూ తింది. తలకాయ కూడా చీకింది. నా నోట్లో నీళ్ళు ఊరాయి. అంత జరిగాక కూడా ఊరాయి. ఆమె అది చూసింది. చూసి, వేళ్ళు నాక్కుని, "ఇంకో ముక్క ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను. వడ్డించి, మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చున్నాను.